పాట కావాలి, మనిషి వద్దా?

(కన్నాంబ కన్నీళ్లు – వీరబాహుడి మౌనం)



ఎండాకాలం వస్తే మన కణేకల్ చుట్టుపక్కల పల్లెల్లో హార్మోనియం పెట్టెలు బయటికొస్తాయి. వాన పడనీ పడకపోనీ, శెనక్కాయ పండనీ ఎండనీ, జాతరకో పండగకో నాటకం మాత్రం పడాల్సిందే. చందా పుస్తకం ఊళ్లో తిరిగి మాలగేరికీ మాదిగగేరికీ కూడా వస్తుంది. అంటు మనిషికే గానీ నోటుకు లేదు కదా! రాత్రి పదింటికి తెర లేస్తుంది. హరిశ్చంద్ర నాటకమైతే జనం తెల్లారేదాకా కదలరు. ఒక్క రాత్రికి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు మారతారు. కాటిసీను హరిశ్చంద్రుడికి రేటు వేరు, గిరాకీ వేరు. ఆ సీనొచ్చిందంటే వన్స్ మోర్ల మీద వన్స్ మోర్లు. చొక్కాకు నోట్లు గుచ్చుతారు. ఆడోళ్లు కొంగుతో కళ్లొత్తుకుంటారు. మన గేరి ఆడోళ్లు కూడా.

ఏడవడం తప్పు కాదు. ఎవరి కోసం ఏడుస్తున్నామో తెలియకపోవడం తప్పు. ఆ కాడు ఎవరిది? అక్కడ రోజూ పనిచేసేవాడెవడు? వాడు నాటకంలో యాడున్నాడు? ఈ ప్రశ్న అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

ఊరికే వాదిస్తే గాల్లో మాట్లాడినట్టుంటుంది. అందుకని ఒక గొప్ప నటి బతుకును ముందు పెట్టుకుందాం. చేతగాని నటుల్ని పట్టుకుని వాదిస్తే "వాడికి నటించడం రాకపోతే నాటకం తప్పా?" అంటారు. కాబట్టి తెలుగు గడ్డ మీద పుట్టిన మేటి నటీమణుల్లో ఒకరినే తీసుకుందాం. ఆమె పసుపులేటి కన్నాంబ.

కడపలో పుట్టిన గొంతు

కన్నాంబ 1911లో కడపలో పుట్టింది. మన సీమ బిడ్డే. పెరిగింది ఏలూరులో. చిన్ననాడే పాట నేర్చింది, నాటకాల్లోకి వచ్చింది. ఆమె రంగస్థలం ఎక్కిన కథ ఒకటి చెప్పుకుంటారు. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారు. ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవాళ్లు. పాము కరిచి చచ్చిన లోహితాస్యుడి మీద పడి చంద్రమతి ఏడవాలి. వేషం కట్టిన మగాయన ఏడుపు ఏడుపులా లేక జనం నవ్వారట. చూసేవాళ్లలో ఉన్న ఈ పిల్ల తట్టుకోలేక తానే వేదికెక్కి చంద్రమతి పద్యాలు అందుకుందట. నవ్విన జనమే ఏడ్చారట.

ఆ కథలో ఎంత నిజమో ఎంత అల్లికో గానీ, ఆ తర్వాతి చరిత్ర మాత్రం రుజువున్నదే. తెలుగు టాకీ పుట్టిన మూడేళ్లకు, 1935లో, "హరిశ్చంద్ర" సినిమా వచ్చింది. అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. అప్పటికి వెనకనుంచి పాడే పద్ధతి లేదు. నటించేవాళ్లే పాడాలి. గొంతు లేనివాళ్లకు తెర లేదు. కన్నాంబకు రెండూ ఉన్నాయి.

మరుసటి ఏడాది, 1936లో, ఒకే ద్రౌపది కథతో రెండు సినిమాలు పోటీపడ్డాయి. ఒకదాంట్లో కన్నాంబ ద్రౌపది. రెండోదాంట్లో దుర్యోధనుడు ఎవరనుకున్నారు? మన తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్లారిలో వకీలుగా ఉండి, దేశమంతా పేరు తెచ్చుకున్న బళ్లారి రాఘవ. పోటీలో కన్నాంబ సినిమా నెగ్గింది, రాఘవ సినిమా ఓడింది. అయినా ఇద్దరూ 1940లో "చండిక"లో కలిసి నటించారు. రాఘవ పేరు మనం మరవకూడదు. ఆడవేషం ఆడదే వేయాలని పట్టుబట్టి, పరువు ప్రతిష్ఠ అని గింజుకునేవాళ్లను ఎదిరించి, చదువుకున్న ఆడవాళ్లను వేదిక ఎక్కించినవాడు. బళ్లారి బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. ఆయన పేరున అక్కడ కళామందిరం ఉంది.

కన్నాంబ ఒక్క రకం వేషానికి కట్టుబడి ఉండలేదు. 1937 "సారంగధర"లో చిత్రాంగి. 1938 "గృహలక్ష్మి"లో కాపురాలు కూల్చే మనిషి. 1947 "పల్నాటి యుద్ధం"లో నాయకురాలు నాగమ్మ. 1955 "అనార్కలి"లో అక్బరు పట్టపురాణి జోధాబాయి. తమిళం రాకపోయినా, మాటలు తెలుగు లిపిలో రాసుకుని బట్టీపట్టి 1942లో "కణ్ణగి" వేసింది. తమిళనాడంతా ఆమె మాటకు దాసోహమంది. మొగుడు కడారు నాగభూషణంతో కలిసి సినిమా కంపెనీ నడిపింది. పనిచేసేవాళ్లకు జీతాలు తప్పకుండా ఒకటో తేదీకే ఇచ్చేవాళ్లని ఆనాటివాళ్లు చెప్పుకునేవారు. 1964లో కన్నుమూసింది.

ఇంత చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, నా తగాదా ఈ గొంతుతో కాదు. వీధి నాటకం నుంచి లేచి, పెద్ద చదువులు లేకుండా, పరాయి భాషలో కూడా నిలబడి గెలిచిన ఆడమనిషి గొంతు అది. నా తగాదా ఆ గొంతు చేత ఏం ఏడిపించారు అనే దానితో.

పాడితే ముద్దు, అంటుకుంటే మైల

హరిశ్చంద్రుడికి రాజ్యం ఎందుకు పోయిందో నాటకం చూసినవాళ్లను అడగండి. "సత్యం కోసం" అంటారు. "అబద్ధమాడని మహానుభావుడప్పా" అంటారు. అసలు గొడవ యాడ మొదలైందో చాలామందికి గుర్తుండదు.

గొడవ మొదలైంది పాట దగ్గర. పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో రాసిన హరిశ్చంద్ర కథ చూడండి. విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలు, అంటే అంటరాని కులపు ఆడపిల్లలు, రాజు ముందు ఆడి పాడతారు. రాజుకు పాట నచ్చుతుంది. ఏం కావాలో కోరుకోమంటాడు. మమ్మల్ని పెండ్లాడమంటారు. అంతే! పాటకు తల ఊపిన రాజుకు ఒక్కసారిగా కులం గుర్తొస్తుంది. మీరెవరు, నేనెవరు అని తరిమేస్తాడు. విశ్వామిత్రుడొచ్చి ఆ పిల్లల్ని చేసుకోమంటే, రాజ్యమైనా వదులుకుంటాను గానీ ఆ పని చేయనంటాడు. రాజ్యం పోయింది అందుకు! సత్యం, అప్పు, గడువు అన్నీ తర్వాత వచ్చినవే. మొదటి మెట్టు మాత్రం ఇదీ: దళిత పిల్ల పాట కావాలి, దళిత పిల్ల వద్దు.

మనకు కన్నడం తెలియనిది కాదు. హంపిలో ఉండి, సుమారు ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇదే కథను కన్నడంలో రాసిన రాఘవాంకుడు ఆ పిల్లల చేత ఒక ప్రశ్న అడిగించాడు. మా పాట నీ చెవిలో పడితే మైల కాలేదు, మా రూపం నీ కంట్లో పడితే మైల కాలేదు, మా మీద నుంచొచ్చిన గాలి నీ ముక్కుకు తగిలితే మైల కాలేదు, మాతో మాట్లాడిన నాలుక మైల కాలేదు. ఒక్క తాకడం దగ్గరే మైల ఎందుకొచ్చింది? ఇదీ వాళ్లడిగిన దాని సారం. ఆ కావ్యంలో రాజు దగ్గర దీనికి జవాబు లేదు. ఈనాటికీ లేదు.

మన పల్లెల్లో ఆడే నాటకంలో ఈ ప్రశ్న ఉందా? మాతంగ కన్యల సీనుంటే ఏ రికార్డింగ్ డాన్సు పిల్లల్నో పిలిపించి రెండు పాటలకు చిందులేయించి, ఈలలు కొట్టించుకుని పంపేస్తారు. చిందు మిగిలింది, ప్రశ్న ఎగిరిపోయింది. ఆ ఆడే పిల్లలు ఎవరి బిడ్డలో, రాత్రి ఈలలేసినవాళ్లే పొద్దున వాళ్లను ఏ పేరుతో పిలుస్తారో నేను చెప్పనక్కర్లేదు.

కన్నాంబ నాగమ్మగా వేసిన పల్నాటి కథ సంగతే చూడండి. ఆ వీరగాథను కారెంపూడిలో తరతరాలుగా గొంతులో దాచి పాడుతూ వచ్చినవాళ్లు వీరవిద్యావంతులు. మాల కులంవాళ్లు. బ్రహ్మనాయుడి చాపకూడు, మాల కన్నమదాసు కత్తి, అన్నీ ఆ గొంతుల్లోనే బతికాయి. వాళ్ల నోటి నుంచి పండితులు పుస్తకం చేసుకున్నారు, నాటకాలవాళ్లు నాటకం చేసుకున్నారు, సినిమావాళ్లు సినిమా చేసుకున్నారు. పాడినవాళ్లు మాత్రం పాడిన చోటే ఉన్నారు. పాట కావాలి, మనిషి వద్దు.

కాడెవరిది?

ఇప్పుడు కాటిసీనుకు వద్దాం. రాజు వీరబాహుడికి అమ్ముడుపోయాడు. వీరబాహుడు కాటికి యజమాని, చండాలుడు. రాజు చేతికి కర్ర ఇచ్చి కాపలా పెట్టాడు. వచ్చిన శవానికల్లా కాటి సుంకం, శవం మీది బట్ట వసూలు చేయాలి. కన్నకొడుకు శవాన్ని మోసుకుని చంద్రమతి వస్తుంది. సుంకం కట్టనిదే కాల్చనివ్వనంటాడు రాజు. ఆమె ఏడుస్తుంది. జనం ఏడుస్తారు.

జనం ఎందుకేడుస్తున్నారు? బిడ్డ చచ్చినందుకు, సరే. అది తల్లి ఏడుపు, ఏ తల్లిదైనా ఒకటే. కానీ అంతకుముందు రాజు కాట్లో నిలబడి పద్యం ఎత్తుకున్నప్పుడే జనం కళ్లు తడుస్తాయి. ఎందుకు? "అయ్యో, రాజు ఎంత గతికి వచ్చాడు! చండాలుడి కొలువు చేశాడు!" అని. రాజు నాలుగు రోజులు చేసిన పని మన తాతలు నాలుగు వందల ఏళ్లు చేశారు. వాళ్ల కోసం ఏ హార్మోనియం మోగింది? ఏ పద్యానికి వన్స్ మోర్ కొట్టారు? రాజు చేస్తే త్యాగం, మనం చేస్తే కులవృత్తి!

శవం మీది బట్ట సంగతి నాటకం ఊరికే అల్లుకున్నది కాదు. మనుధర్మశాస్త్రం పదో అధ్యాయంలో శాసనంగానే ఉంది: చండాలుడు చచ్చినవాళ్ల బట్టలే కట్టుకోవాలి, పగిలిన పాత్రల్లోనే తినాలి. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని ఎందుకు తగలబెట్టించాడో అర్థమవుతోంది కదా. మరుసటి ఏడాదే ఆయన బొంబాయి కౌన్సిల్లో మహార్ల వతన్ చాకిరీ మీద బిల్లు పెట్టాడు. చావు కబుర్లు మోయడం, ఊరి బరువులన్నీ మోయడం, దానికి పిడికెడు గింజలు విదిలించుకోవడం – ఈ పద్ధతి పోవాలని. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా నాయన పెద్దింటి చావు కబురు తీసుకుని హగరి ఇసకలో ఊరూరికీ నడిచినవాడు. ఆయన నడకకు కూలి ఎంతని ఎవరూ ఏనాడూ లెక్కగట్టలేదు. అది నాటకంలోకి ఎక్కలేదు.

ఇంకొక మోసం ఉంది, దాన్ని మాత్రం బాగా గమనించండి. కథ చివర్లో దేవతలంతా దిగొస్తారు. అప్పుడు తేలేదేమిటి? వీరబాహుడు నిజంగా చండాలుడు కాడట! మార్కండేయ పురాణం ప్రకారం ధర్ముడే ఆ వేషం వేసుకుని వచ్చాడట. అంటే చక్రవర్తి మీద యజమాని అయిన ఒకే ఒక్క అంటరానివాణ్ణి కూడా మనకు మిగల్చలేదు. కూలివాడిగా ఉన్నంతసేపూ చండాలుడు మనవాడు. యజమాని అయిన మరుక్షణం వాడు దేవుడైపోవాలి! లేకుంటే రాజుకు మైల అంటుతుంది కదా.

వేషమైనా మనిషిలా ఉంటుందా? మన నాటకాల్లో వీరబాహుణ్ణి చూశారు కదా. మొహానికి మసి, చేతిలో కల్లుముంత, తూలుడు నడక, నాలుగు బూతుమాటలు. మంచి గొంతున్నవాడికి ఆ వేషం ఇవ్వరు. పద్యాలన్నీ రాజుకు, రాణికి, నక్షత్రకుడికి. కాటి యజమానికి మాత్రం తాగుబోతు మాటలు. వందేళ్లుగా ఇదే నడుస్తోంది.

పద్యం జాషువాది, పేరు ఎవరూ చెప్పరు

ఇంకా పెద్ద అన్యాయం అసలు కాటిసీను పద్యాల దగ్గరే జరిగింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో "సత్య హరిశ్చంద్రీయం" రాశాడు. మంచి నాటకకర్త, నటుడు కూడా. కానీ ఇవాళ కాటిసీనులో జనం వన్స్ మోర్లు కొట్టే పద్యాలు కొన్ని బలిజేపల్లివి కావు. అవి గుర్రం జాషువావి. "శ్మశానవాటి" అనే ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. అవి లేనిదే కాటిసీను రక్తికట్టదు. హరిశ్చంద్రుడి నోట వాటిని విని ఏడ్చినవాళ్లలో ఎంతమందికి ఆ కవి పేరు తెలుసు?

జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. దళితుడు. చదువుకునే రోజుల్లో, కవిగా నిలబడే రోజుల్లో ఎన్ని అవమానాలు దిగమింగాడో ఆయనే రాసుకున్నాడు. ఒక సంగతి మనలో చాలామందికి తెలియదు. 1915–16లో ఆయన రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చదివే పని చేశాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే, వెనక నిలబడి కథా మాటలూ చదివి వినిపించడం. తెర మీద మనిషి కనపడతాడు, వెనక గొంతు ఇచ్చినవాడు కనపడడు. ఆయన బతుకంతా అలాగే అయింది. ఆయన పద్యం రాజు కిరీటం కింద నుంచి వినపడుతుంది, ఆయన కనపడడు. 1941లో "గబ్బిలం" రాసి తన గోడు నేరుగా చెప్పుకున్న కవి పద్యాన్ని తీసుకెళ్లి, మాతంగి పిల్లలను తరిమిన రాజు నోట్లో పెట్టారు!

ఆ శ్మశానం పద్యాల్లో ఆయన చెప్పిందేమిటి? రాజూ పేదా అక్కడ ఒకటేనని, అంటరానితనానికి అక్కడ చోటు లేదని. అది కవి ఆశ. మన ఊళ్ల నిజం మాత్రం వేరే. ఇక్కడ కాట్లోనూ గేర్లున్నాయి. వాళ్ల కాడు వేరు, మన కాడు వేరు. వాళ్లదానికి దారి ఉంటుంది, గోడ ఉంటుంది. మనదానికి పోవాలంటే ఎవరి చేనుగట్టు మీదో పోవాలి. వాళ్లు పైరు పెట్టామంటే శవం మోసేవాళ్లు ఆగిపోవాలి. కాడు కాసినవాడి మనుమలకు కాట్లో చోటు లేదు!

"కళకు కులం లేదు" అనేవాళ్లకు

ఇదంతా చెబితే పెద్దమనుషులు ఒక మాట అంటారు: "కళకు కులమేంటి మాస్టారూ? రాత్రి నాటకం చూస్తే అందరూ పక్కపక్కనే కూర్చోరా?"

కూర్చుంటారా? చుండూరును గుర్తు చేసుకోండి. 1991 జూలైలో అక్కడి సినిమా హాల్లో ఒక దళిత కుర్రవాడి కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకులస్తుడికి తగిలింది. అంతే. చదువుకున్న కుర్రవాడు, టికెట్టు కొన్న కుర్రవాడు. తెర మీద కళ నడుస్తూనే ఉంది. అక్కణ్ణుంచి మొదలైన కక్ష, సాంఘిక బహిష్కారం, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేసేదాకా వెళ్లింది. ఆ శవాలను మనవాళ్లు ఊరవతల పూడ్చలేదు. వాడ నడిబొడ్డున పూడ్చి దానికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కళకు కులం లేదనే పెద్దమనుషులు ముందు ఆ సినిమా హాలు సంగతి చెప్పి, తర్వాత కళ సంగతి చెప్పాలి.

దేశంలో మొదటి కథా చిత్రం ఏది? ఫాల్కే 1913లో తీసిన "రాజా హరిశ్చంద్ర". ఇదే కథ! రాణి వేషానికి ఆడమనిషి దొరక్క హోటల్లో వంటచేసే ఒక మగమనిషికి చీర కట్టారు. గాంధీ చిన్నప్పుడు ఈ నాటకం చూసి ఎంత కదిలిపోయాడో ఆత్మకథలో రాసుకున్నాడు. గుజరాతులో గాంధీ, ఏలూరులో కన్నాంబ, కణేకల్‌లో మనం – దేశం దేశమంతా ఒకే రాజు కోసం ఏడ్చింది. ఇన్ని కోట్ల కన్నీళ్లలో వీరబాహుడి వాటా ఒక్క చుక్క లేదు. కులం లేని కళ ఇలాగే ఉంటుందా?

"మనకెందుకీ నాటకాలు" అనేవాళ్లకు

మన సంఘాల్లోనే ఇంకో మాట వినిపిస్తుంది. ఈ పద్యనాటకాలు, ఈ పాత సినిమాలు అన్నీ బ్రాహ్మణీయం, అన్నీ అవతల పారేయండి అని. ఈ తమ్ముళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఈ మాటతో నేను ఏకీభవించను.

ఎందుకంటే మన గేరిలో పద్యం పాడే గొంతులున్నాయి. బడిలో పాఠం రాని పిల్లవాడు కూడా సెల్‌ఫోన్లో విని కాటిసీను పద్యాలు రాగంతో సహా అప్పజెబుతాడు. ఆ గొంతును ఏం చేద్దాం? మూసేయమందామా? వేల ఏళ్లుగా మన నోళ్లు మూసింది చాలదా?

దీనికి జవాబు మళ్లీ కన్నాంబ దగ్గరే ఉంది. 1954లో తమిళంలో "మనోహర" అనే సినిమా వచ్చింది. పాత నాటకమే. కానీ మాటలు రాసింది ద్రావిడ ఉద్యమంలోంచి వచ్చిన కరుణానిధి. కన్నాంబది రాజమాత వేషం. ఓర్చుకో, మాట్లాడకు, తండ్రికి ఎదురు తిరగకు అని కొడుకును కట్టడి చేసిన తల్లి. చివరికి ఆ తల్లే, సంకెళ్లలో ఉన్న కొడుకును తెంచుకుని లెమ్మంటుంది. హాళ్లు దద్దరిల్లాయి. చంద్రమతిగా 1935లో కాట్లో ఏడ్చిన గొంతు అదే. పందొమ్మిదేళ్ల తర్వాత సంకెళ్లు తెంచమని గర్జించిన గొంతు అదే. గొంతు మారలేదు, రాత మారింది. రాసినవాళ్లు మారారు.

తమిళనాడులో ఉద్యమం వేదికనూ తెరనూ వదిలిపెట్టలేదు. అన్నాదురై నాటకాలు రాశాడు, ఆడించాడు, వాటితోనే ఊరూరా తిరిగాడు. ఆ పార్టీ తర్వాత ఏమైందన్నది వేరే చర్చ. కానీ రాత ఎవరి చేతిలో ఉంటే గొంతు వాళ్లకు పనిచేస్తుందన్నది మాత్రం అక్కడ రుజువైంది. మన దగ్గర గొంతు మనది, తప్పెట మనది, చందా మనది, కాడు మనది, ఆఖరికి కాటిసీను పద్యాలూ మనవే. రాత ఒక్కటే మనది కాదు.

ఏం చేద్దాం?

ఉత్త మాటలతో కడుపు నిండదు కాబట్టి, ఈ ఏడాది నుంచే మన సంఘాలు చేయగల పనులు కొన్ని చెబుతాను.

ఒకటి. ఏ ఊళ్లో హరిశ్చంద్ర పడినా, కాటిసీనుకు ముందు మైకులో జాషువా పేరు చెప్పించాలి. ఈ పద్యాలు గుర్రం జాషువావి అని. చెప్పకపోతే మన గేరి నుంచి చందా లేదు.

రెండు. వీరబాహుడికి పద్యం రాయాలి. మనలో రాయగలిగిన కుర్రవాళ్లున్నారు. ఆరు పద్యాలు చాలు. "ఓ రాజా, నువ్వు నాలుగు నాళ్లకే ఏడిస్తే, తరతరాలుగా ఇక్కడున్న నా సంగతేంటి?" అని కాటి యజమాని రాజునడగాలి. మాతంగి పిల్లల ప్రశ్న కూడా తిరిగి వేదిక మీదికి రావాలి. మసి మొహం, కల్లుముంత వద్దు. మంచి గొంతున్నవాడికే ఆ వేషం ఇవ్వాలి.

మూడు. హార్మోనిస్టుకు ఇచ్చినట్టే తప్పెటవాళ్లకూ ముందే మాట్లాడుకుని డబ్బివ్వాలి. కన్నాంబ కంపెనీలో లైటు మోసేవాడికి కూడా ఒకటో తేదీకి జీతం ముట్టేదని చెప్పుకుంటున్నాం కదా. ఆ పాటి న్యాయం మన ఊరి కమిటీకి చేతకాదా? చావు దగ్గర తప్పెట కొట్టినా, గుంత తీసినా అంతే. కూలి మాట్లాడుకుని చేయాలి. లేకపోతే మానేయాలి.

నాలుగు. మన ఆడపిల్లలు వేదికెక్కితే వెక్కిరించేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ వెక్కిరింత మానాలి. రాఘవ వకీలు కాబట్టి ఎదిరించగలిగాడు. మన పిల్లలకు సంఘం అండగా ఉండాలి.

ఐదు. అన్నిటికంటే పెద్దది. కాడు. ప్రతి ఊళ్లో మన శ్మశానానికి సర్వే నంబరు ఉందా, ఎంత నేల ఉంది, ఎంత ఆక్రమణలో పోయింది, దారి ఉందా – కాగితం మీద రాయండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. తహసీల్దారుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. చట్టం మన వైపుంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం శ్మశానం వాడుకోనివ్వకపోవడాన్ని నేరమంది. వినోద ప్రదర్శన జరిగే చోట కులం పేరుతో అడ్డుకోవడాన్ని కూడా నేరమంది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ, శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకుంటే అట్రాసిటీయే అని తేల్చి చెప్పింది. నాటకం చూసి ఏడ్చినంత సేపు కూర్చుంటే ఈ అర్జీ రాయొచ్చు. రాయడం రాకపోతే బడికి రండి, నేను రాసిపెడతా.

కన్నాంబ గొప్ప నటి. రాఘవ గొప్ప నటుడు. వాళ్లకు దండలు వేద్దాం, వద్దనను. కానీ దండ వేసి దణ్ణం పెట్టి ఇంటికి పోవడం మనకు చాలదు. ఈసారి కాటిసీనులో రాణి ఏడుస్తున్నప్పుడు, ఆమె వెనక కర్ర పట్టుకుని మసి మొహంతో నిలబడ్డవాణ్ణి చూడండి. వాడి నోటికి మాట రాసే పని మనది. పెన్ను తీయండి.

జై భీమ్!